లాండ్రీ గదిలో మూగపెట్టె

మా ఆయన తాళాలగుత్తి చప్పుడు మెట్ల మీద వినపడితేగానీ నాకు ఊపిరి ఆడేది కాదు. ఆయనది ఆసుపత్రిలో పని. డాక్టరూ కాదు, కాంపౌండరూ కాదు. ఆ పెద్ద భవనంలో అంతస్తుకో మూల బీరువా అంతేసి గదులుంటాయి. కంప్యూటర్ల వైర్లన్నీ వచ్చి చేరే పెట్టెలు వాటిలో పెట్టి ఉంచుతారు. వాటినీ స్విచ్‌లనే అంటారు గానీ గోడకుండే స్విచ్‌లు కావవి. ఒక్కో గది తాళం తీసి, పెట్టె మీద పచ్చదీపాలు మిణుకుమంటున్నాయో లేదో చూసి, పసిపిల్లకి జ్వరం చూసినట్టు అరచెయ్యి ఆనించి, తలుపు మూసి ఇంకో గదికి వెళ్ళడం ఆయన ఉద్యోగం. నర్సులు ఆయన్ని తాళాల బాబాయ్ అనేవారు.

నాకు భయాలు ఎక్కువ. చదువు ఏడో తరగతితో ఆగిపోయినా భయపడటంలో మాత్రం పట్టా పుచ్చుకున్నాను. ఆయన రావడం ఆలస్యమైతే మెట్ల మీంచి జారిపడ్డారనుకుంటాను, త్వరగా వస్తే ఒంట్లో బాగాలేదనుకుంటాను. కీడెంచి మేలెంచమని మా అమ్మ అనేది. నేను కీడు దగ్గరే ఆగిపోయాను, మేలు దాకా వెళ్ళే తీరిక ఎప్పుడూ చిక్కలేదు.

ఆ ఏడు వానాకాలం మొదట్లోనే పెద్ద ఉరుముల వాన కురిసింది. స్కానింగ్ విభాగంలో పెట్టె ఆగిపోయింది. మా ఆయన అప్పుడు పై అంతస్తులో ఉన్నారు. గదులన్నీ చూసుకుంటూ కిందికి దిగివచ్చేదాకా ఆగిన సంగతి ఎవరికీ తెలియలేదు. స్కాను బొమ్మలు డాక్టరు దగ్గరికి చేరక, ఒక పెద్దాయన్ని అంతసేపూ స్ట్రెచరు మీదే ఉంచేశారట. ఆయనకేమీ కాలేదు గానీ కొడుకు నానా గొడవా చేశాడు.

"ఇన్‌ఛార్జ్ గారు తిట్టారా?" అని అడిగాను.

"లేదే. నువ్వొక్కడివి ఎన్ని చోట్ల ఉంటావయ్యా, అన్నారు."

తిడితే నాకు అంత గుబులు ఉండేది కాదు. తిట్టు మర్నాటికి పోతుంది. జాలిపడ్డవాళ్ళు ఊరికే ఉండరు, ఏదో ఒకటి చేస్తారు. మా ఆయనది ఏడాదికోసారి తిరగరాసే కాంట్రాక్టు. వానాకాలం వెళ్ళాక ఆ కాగితం వస్తుంది. ఈసారి రాదేమోనని ఆ రోజే నా గుండెలో రాయి పడింది.

అప్పటికి మా అమ్మాయి ఇంట్లోనే ఉంది. అది పనిచేసిన కంపెనీ మూతపడింది. ఇలాంటి పెట్టెలు ఎక్కడివక్కడ ఎలా ఉన్నాయో ఒక్కచోట కూర్చుని కనిపెట్టే ఏర్పాటు చెయ్యడం దానికి వచ్చు. ఆసుపత్రిలో అలాంటిది పెట్టాలనుకుంటున్నారని తెలియగానే మా ఆయన ఇన్‌ఛార్జ్ గారి దగ్గరికి వెళ్ళి, "మా పిల్లకి ఆ పని వచ్చండి" అన్నారు. ఎవరినీ ఏమీ అడగని మనిషి, దాని కోసం అడిగారు. వాళ్ళు తీసుకున్నారు. నాకు ఇంకో భయం పట్టుకుంది. పిల్ల అక్కడ ఏదన్నా పాడుచేస్తే తండ్రి మాట పోతుంది, మాటతో పాటు కాంట్రాక్టూ పోతుంది.

"కరెంటు ముట్టుకోవాలా?" అన్నాను ఆ సాయంత్రం భోజనాల దగ్గర.

"కరెంటు లేదు ఏం లేదమ్మా. పెట్టెల్ని పలకరించడమే." పళ్ళెం చుట్టూ చెంచాలూ గిన్నెమూతలూ పేర్చింది అమ్మాయి. "ఈ పళ్ళెం మా కంప్యూటరు. ఇవన్నీ నాన్న పెట్టెలు. కంప్యూటరు వీటిని వరసగా అడుగుతూ ఉంటుంది. ఉన్నావా? ఫ్యాను తిరుగుతోందా? ఎంత వేడెక్కావు? నీకు తగిలించిన వైర్లు బతికున్నాయా? ఒక్కో ప్రశ్నకీ ఒక నంబరు. నంబరు పంపితే జవాబు వస్తుంది."

"ఎంతసేపటికోసారి?"

"అయిదు నిమిషాలకి."

"మీ అమ్మ నాకు ఫోన్ చేసినట్టు" అన్నారు ఆయన తల ఎత్తకుండా.

"మరి పలక్కపోతే?" అన్నాను.

"మళ్ళీ అడుగుతుంది. ఇంకోసారి అడుగుతుంది. అప్పటికీ పలక్కపోతే మన ఫోన్లో గంట కొడుతుంది."

"అన్నిసార్లు అడిగేదాకా ఊరుకుంటుందా! నేనైతే మొదటిసారికే ఏడుపు అందుకుంటాను."

"అందుకే నిన్ను పెట్టుకోలేదమ్మా వాళ్ళు."

ఇద్దరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. "ఆ అయిదు నిమిషాల మధ్యలో ఏదన్నా అయితే?"

మా అమ్మాయి నా వైపు మెచ్చుకోలుగా చూసింది. "చూశావా నాన్నా, సరైన ప్రశ్న వేసింది. అప్పుడు పెట్టే అరుస్తుందమ్మా, మనం అడక్కుండానే. దాన్ని ట్రాప్ అంటారు."

"ఎలుకల బోనులాగానా?" అన్నారు ఆయన.

"బోను కాదు, కేక. వైరు ఊడింది, వేడెక్కిపోయాను, ఇలాగ."

"చచ్చిపోయేది కేక ఎలా వేస్తుందే?" అన్నాను.

"వెయ్యలేదు. అందుకే అడగడమూ ఉండాలి, అరుపూ ఉండాలి." అది చెంచాలు తీసేస్తూ మరో మాట అంది. "ఒక్కటేనమ్మా చిక్కు. అడిగినదానికే జవాబు. ఫ్యాను సంగతి అడిగితే ఫ్యాను సంగతే చెబుతుంది. మనం అడగనిది దాని లోపలే ఉండిపోతుంది."

ఈ పలకరింపుకి ఎస్‌ఎన్‌ఎంపి అని పేరట. నాకు నోరు తిరగలేదు. పలకరింపు అనే అన్నాను, ఇప్పటికీ అదే అంటాను.

పని మొదలైంది. పొద్దున్నే తండ్రీ కూతురూ ఒక గొడుగు కింద బయల్దేరేవారు. నాకు ఇంట్లో కాలు నిలిచేది కాదు. ఒకరోజు వాన మరీ జోరుగా ఉంటే, వీళ్ళు మర్చిపోని భోజనం డబ్బా మర్చిపోయారని నాకు నేనే చెప్పుకుని, ఇంకో డబ్బా కట్టుకుని ఆసుపత్రికి పోయాను.

రక్తపరీక్షల గది పక్కన దొరికారు. మా ఆయన భుజాన నిచ్చెన, చేతిలో గుత్తి. అమ్మాయి ఒళ్ళో కంప్యూటరు పెట్టుకుని నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. పెట్టెకి తీగ తగిలించి ఏదో కొడుతోంది.

"ఏం చేస్తోందండీ?"

"మాట నేర్పుతోంది" అన్నారు ఆయన, గుడిలో మాట్లాడినంత మెల్లిగా. "ముందు నోరు తెరిపిస్తుంది. తర్వాత చెవిలో ఒక గుట్టుమాట చెబుతుంది. ఆ మాట చెప్పి అడిగినవాళ్ళకే జవాబు చెప్పాలి, దారినపోయేవాళ్ళకి చెప్పకూడదు. ఆ పైన, కేక వెయ్యాల్సివస్తే ఎవరికి వెయ్యాలో చెబుతుంది."

అటుగా పోతున్న సిస్టరమ్మ ఆగింది. "ఏం బాబాయ్, కూతుర్ని అసిస్టెంటుగా పెట్టుకున్నావా?"

"నేనే అసిస్టెంటునమ్మా. నిచ్చెన మొయ్యనిస్తే అదే పదివేలు!"

అన్నేళ్ళ కాపురంలో ఆయన మొహం అంత వెలగడం నేను చూడలేదు. దిష్టి తగులుతుందేమోనని చూపు తిప్పుకున్నాను.

కంప్యూటరు మీద ఆ పెట్టె పేరు పచ్చగా వచ్చింది. "పలికింది" అంది అమ్మాయి. ముగ్గురం లాండ్రీ వైపు నడిచాం. అది వెనక పెరట్లో విడిగా ఉన్న భవనం. రోగుల దుప్పట్లూ ఆపరేషను బట్టలూ అక్కడే ఉతుకుతారు. సబ్బు ఆవిరికి గోడలన్నీ చెమట పట్టి ఉన్నాయి. మా ఆయన తాళం తీశారు. లోపల పెట్టె నల్లగా, రక్తపరీక్షల గదిలో దానిలాగే ఉంది. నాకన్నీ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి నా లెక్క లెక్కలోది కాదు.

అమ్మాయి తీగ తగిలించింది. తెర వైపు చూస్తూ కూర్చుంది. వేళ్ళు మీటల మీదే ఉన్నాయి, కదల్లేదు. కాసేపటికి తీగ పీకేసింది.

"ఇది పాతది నాన్నా. పలకదు."

"పలకదా?"

"ఊహూఁ. దీన్ని మాత్రం రోజూ మనిషి వచ్చి చూసుకోవాల్సిందే."

మా ఆయన పెట్టె మీద అరచెయ్యి ఆనించారు. "సరేలే. నేనున్నాగా" అన్నారు.

అమ్మాయి ఆ తీగని చుడుతూనే ఉంది, చుట్టింది విప్పి మళ్ళీ చుట్టింది. దాని పని సగంలో ఆగిందని ఇన్‌ఛార్జ్ గారు చీవాట్లు పెడతారేమోనని నా బెంగ నాది.

తర్వాతి వారమంతా మా ఇంట్లో గంటలే గంటలు. సాయంత్రం ఎవరో గుమాస్తా కంప్యూటరు ఆపి ఇంటికి పోతే గంట. ఎవరో కుర్చీ జరిపితే వైరు కదిలి గంట. అన్నం ముద్ద నోట్లో పెట్టుకునేలోపు మూడుసార్లు మోగేది. నేను ప్రతిదానికీ ఉలిక్కిపడి, "ఎవరికేమైందే?" అనేదాన్ని.

"ఎవరికీ ఏమీ కాలేదమ్మా. ప్రతి చిన్నదానికీ అరవమని నేనే చెప్పాను, బుద్ధిలేక. ఇలా ఊరికే అరిస్తే చివరికి ఎవరూ వినరు. నిజంగా కొంప మునిగినప్పుడు కూడా వినరు." అని నా మొహం చూసి నాలిక కరుచుకుంది. "నిన్నని కాదమ్మా."

నన్ను కాకపోతే మరెవర్ని. అయినా అది చెప్పింది నిజమే. ఒక్కొక్కటే చూసుకుంటూ అక్కర్లేని గంటలన్నీ నోరు మూయించింది. అప్పట్నుంచి ఫోను మోగితే దానికి అర్థం ఉండేది.

ఇన్‌ఛార్జ్ గారు ఆ ఏర్పాటు చూస్తానన్న రోజు నేను కూడా వెళ్ళాను. ఇంట్లో ఉంటే చచ్చిపోయేలా ఉన్నాను. ఆయన గది బయట బల్ల మీద కూర్చుంటే, "లోపలికి రండమ్మా, మీ అమ్మాయి గొప్ప మీరు చూడొద్దా" అని ఆయనే పిలిచారు. మంచి మనిషి. చెడ్డవాడైతే ఈ కథ చెప్పడం నాకు సులువయ్యేది.

గోడ మీద పెద్ద తెర. దాని నిండా చిన్న చిన్న గడులు, అన్నీ పచ్చగా, చిగురేసిన మడిలాగా ఉంది. లాండ్రీది ఒక్కటే బూడిద రంగు.

"బాబాయ్, నువ్వెళ్ళి ఏదో ఒక వైరు పీకు. ఎక్కడిదో మాకు చెప్పకు. రోగులకి ఇబ్బంది లేనిది చూసి పీకు" అన్నారు ఇన్‌ఛార్జ్ గారు.

మా ఆయన గుత్తి చప్పుడు చేసుకుంటూ వెళ్ళారు. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దణ్ణాలు పెట్టుకుంటున్నాను. మోగాలి తండ్రీ, మోగాలి. పిల్ల పరువు నిలవాలి, ఆయన ఉద్యోగం నిలవాలి.

మోగింది. ఒక గడి ఎర్రబడింది.

"మూడో అంతస్తు, పాత ఎక్స్‌రేలు దాచే గది. చివరి వైరు" అని చదివింది అమ్మాయి.

ఇన్‌ఛార్జ్ గారు బల్ల మీద చరిచారు. "శభాష్!" అని ఫోన్ చేసి వైరు మళ్ళీ పెట్టమన్నారు. గడి పచ్చబడింది. ఇక ఆయన దిగి రావడం కోసం చూస్తున్నాం. చాలాసేపటికి మెట్ల మీద చప్పుడైంది. ఒక్కో మెట్టుకీ ఒక్కో చప్పుడు.

"వెంటనే తెలిసిందా అమ్మడూ?" అన్నారు గుమ్మంలో.

"తెలియడమేమిటయ్యా, నువ్వు చెయ్యి వెనక్కి తీసుకునేలోపే ఇక్కడ మోగింది!"

"నేనింకా మెట్లు దిగుతూనే ఉన్నాను మరి" అన్నారు ఆయన.

అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు. నేను కూడా నవ్వాను, పిల్ల గెలిచిందిగా మరి. నవ్వుతూ నవ్వుతూ ఆయన అక్కడున్న కుర్చీలో కూర్చున్నారు. ఇన్‌ఛార్జ్ గారి ఎదుట ఆయన ఏనాడూ కూర్చుని ఎరగరు.

ఇంటికొచ్చాక సంగతి అమ్మాయి నోటనే విన్నాను. వంటింట్లో నా పక్కన చేరి గొంతు తగ్గించి చెప్పింది. "మనిషి వెళ్ళి చూడాల్సిన గదులు ఇంకా ఏమన్నా ఉన్నాయా అని అడిగారమ్మా. లాండ్రీ ఉందన్నాను. అయితే దాని కోసమన్నా బాబాయ్ పేరు ఉంచమని రాస్తాను, అన్నారు."

అప్పుడు తెలిసింది నాకు. ఇన్నాళ్ళూ వంద కీడులు ఎంచాను. షాకు కొడుతుందని, జారిపడతారని, పిల్ల పని చెడగొడుతుందని. పని చక్కగా కుదిరితే ఏమవుతుందన్నది ఒక్కటే నా లెక్కలో లేదు. అమ్మాయి లెక్కలో మాత్రం మొదట్నుంచీ ఉంది. లాండ్రీ గదిలో దాని వేళ్ళు ఎందుకు కదల్లేదో, ఆ తీగ అన్నిసార్లు ఎందుకు చుట్టిందో తెలిసొచ్చింది. దాని తల నిమిరాను. ఆ పెట్టెకి నూరేళ్ళాయుష్షు ఇమ్మని, అలాగే మూగదానిగా ఉంచమని మొక్కుకున్నాను.

మర్నాడు సెలవు. మధ్యాహ్నం ముగ్గురం తింటున్నాం. ఆయన మంచినీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టారు.

"అమ్మడూ. లాండ్రీ పెట్టే, రక్తపరీక్షల గది పెట్టే కలిసే వచ్చాయి. రెంటినీ లారీ మీంచి నేనే దించాను. రక్తపరీక్షలది పలికింది కదా."

అమ్మాయి పళ్ళెం వైపే చూస్తోంది.

"ఇది పలకలేదా, నువ్వు పలికించలేదా?"

"నాన్నా, నువ్వు ఊరుకో."

"ఆపరేషను బట్టలు అక్కణ్ణుంచే వస్తాయి. ఏ గదికి ఎన్ని కావాలన్నది ఆ పెట్టె మీదుగానే వాళ్ళకి తెలుస్తుంది. పొద్దున ఆగిందనుకో, నేను మధ్యాహ్నానికి వెళతాను. అందాకా? ఆ స్కానింగు పెద్దాయన మొహం నేను చూశానమ్మా. నువ్వు చూళ్ళేదు."

నేను ఇక ఆగలేకపోయాను. "మీకేమన్నా మతిపోయిందా? దాని మానాన అది మూగగా పడి ఉంటే మీకెందుకండీ! ఏదో చల్లగా ఒక్క పెట్టె మిగిలింది."

"రేపు ఆ బట్టలు మనకే కావాల్సి రావచ్చే."

"ఛీ ఛీ, అవేం మాటలు! నోట మంచిమాట రాదా?"

"నీతో ఇన్నేళ్ళు ఉన్నానుగా, నాకూ అబ్బింది" అన్నారు. ఆ మాటకి మామూలు రోజైతే అమ్మాయి పకపకా నవ్వేది. లేచి పళ్ళెం కడుక్కోవడానికి వెళ్ళింది. కుళాయి పారుతూనే ఉంది.

ఆయన వంటింటి వైపు చూస్తూ అన్నారు. "అన్నిటికీ నోరిచ్చావు. దాన్నొక్కదాన్నీ మూగదాన్ని చెయ్యకమ్మా. నా కోసమని అసలే వద్దు."

పక్కరోజు ఇద్దరూ లాండ్రీ గదికి వెళ్ళారు. నేను వెళ్ళలేదు. అమ్మాయి తర్వాత చెప్పింది. "వెంటనే పలికిందమ్మా. నాన్న తెర వైపు చూళ్ళేదు. దాని మీద చెయ్యి పెట్టుకుని అలా నిలబడ్డాడు."

వానలు వెనకపట్టాయి. కాగితం రాలేదు. గేటు దగ్గర కూర్చుని వచ్చేపోయేవాళ్ళని చూసే పని ఉందన్నారట ఇన్‌ఛార్జ్ గారు. "కూర్చునే పని నాకు రాదండి" అన్నారట ఈయన. అమ్మాయిని మాత్రం ఉండిపొమ్మన్నారు. అది ఇంటికొచ్చి, "నేనూ మానేస్తాను" అని ఏడ్చింది.

"నిన్ను చేర్పించింది నేను. మాన్పించాలన్నా నేనే మాన్పించాలి. నేను మాన్పించడంలేదు. పో, మొహం కడుక్కో" అన్నారు ఆయన.

తాళాలు అప్పజెప్పిన రోజు నేను వంటింట్లో చెవులు రిక్కించి కూర్చున్నాను. వెలుగు తగ్గింది. ఏదో అయిందనుకున్నాను, దారిలో లారీ అనుకున్నాను, గుండె అనుకున్నాను. ఏడుస్తూ చెప్పులేసుకుని ముందుగదిలోకి వస్తే, ఆయన కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఎప్పుడొచ్చారో నాకు తెలియలేదు.

"ఎక్కడికే?" అన్నారు.

"ఎక్కడికీ లేదు" అన్నాను.

తర్వాత ఒక ఆదివారం. ఎండ కాస్తోంది. అమ్మాయి బట్టలు మడతపెడుతుంటే ఫోను మోగింది. ఆయన పేపరు పక్కన పడేసి లేచారు. నేను చూస్తూ ఉండగానే గుమ్మం దగ్గర ఒక బూటులో కాలు పెట్టి, వంగి లేసు కట్టుకున్నారు.

"ఎక్కడిది?"

"లాండ్రీది నాన్నా. వైరు ఊడినట్టుంది." అమ్మాయి ఆయన కాలి వైపు చూసింది. "డ్యూటీలో ఉన్నవాళ్ళు బయల్దేరారు. వాళ్ళకీ మోగింది."

"ఓహో." రెండో బూటు చేతిలోనే ఉంది. "మరి చూస్తూ ఉండు."

ముగ్గురం అలాగే ఉన్నాం. ఫోను మళ్ళీ మోగింది, ఈసారి మెత్తగా.

"మళ్ళీ లైన్లోకి వచ్చేసింది నాన్నా."

"వచ్చిందా. మంచిది."

ఆయన కూర్చుని, కట్టిన లేసు విప్పి, రెండు బూట్లూ గోడవార జతగా పెట్టి, వాటి వైపే చూస్తూ ఉండిపోయారు. నా గొంతులో ఒక ప్రశ్న ఉంది. లోపల ఎలా ఉందని, ఇన్నేళ్ళలో ఆయన్ని ఎన్నడూ అడగనిది. తిన్నారా, చేరారా, గొడుగు తీసుకెళ్ళారా అని రోజుకి పదిసార్లు పలకరించిన నోటికి అది ఎలా అడగాలో తెలియలేదు.

"టీ పెట్టనా?" అన్నాను.

"ఊఁ" అన్నారు ఆయన.

అడిగినదానికే జవాబు చెప్పారు. నేను లేచి పొయ్యి వెలిగించాను.